లోపం లేని బండి

“బ్రేకు మీద రెండు కాళ్ళతో నిలబడ్డాను నాన్నా. రాయిని తొక్కినట్టే ఉంది” అన్నాడు నా భర్త కేవల్, కనుబొమ మీంచి కారుతున్న రక్తాన్ని మోచేత్తో తుడుచుకుంటూ.

మా మామగారు జియాలాల్ కొడుకు ముఖంలోకి చూడలేదు. కిటికీలోంచి బండి లోపలికి వంగి గేరు కడ్డీని అటూ ఇటూ కదిపారు. అది తేలిగ్గా ఊగింది.

“న్యూట్రల్‌లో దించావా?”

“లేదు. రెండో గేరులోనే ఉన్నా. గుద్దుకున్నాక చిన్నాన్న వైపు తలుపు రాతికి ఇరుక్కుంది. అందరూ కలిసి వెనక్కి తోయడానికి అప్పుడు తీశాను గేరు.”

మామగారు ఇంకేమీ అడగలేదు. ఆ ఏడు మా ఆపిల్ సీజన్ అలా మొదలైంది.

మా ఊరు శీల్‌ధార్ నుంచి కింద పెద్ద రోడ్డు దాకా దిగుడే దిగుడు. ఆ దారిలో ప్రతి మలుపుకీ ఒక పేరుంది, అక్కడ ఎవరు పోతే వాళ్ళ పేరు. కేవల్ కుడివైపు లోయని వదిలి ఎడమవైపు కొండకి బండిని గుద్దించాడు కాబట్టి ఆ మలుపుకి కొత్త పేరు రాలేదు. పక్క సీట్లో కూర్చున్న మా చిన్నమామగారు ధనీరామ్ కాలు మాత్రం విరిగింది.

జరిగింది చూసినవాడు ఆయనొక్కడే. రోహ్‌డూ ఆసుపత్రి మంచం మీద పడుకుని ఆయన ఇచ్చిన సాక్ష్యం ఇది:

“గేరు ఎవడు చూశాడర్రా? నేను కళ్ళు గట్టిగా మూసుకుని దేవరకి మేకపోతుని మొక్కుతున్నా. మొదట ఒకటన్నా. మలుపు దగ్గర రెండు చేశా.”

మా కొండ డ్రైవర్లకి ఒక పాడు అలవాటుంది. దిగుడు వస్తే గేరు తీసేసి బండిని దాని మానాన వదిలేస్తారు, నాలుగు చుక్కల డీజిల్ మిగులుతుందని. అప్పుడు బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. పాత జీపుతో కేవల్ కూడా ఆ పని చేసి తండ్రి చేత తిట్లు తిన్నాడు. వసంతంలో కొత్త పికప్ కొన్నాక మానేశాడు. నాకు తెలుసు. అతని పక్కన కూర్చుని ఆ దారిలో ఎన్నిసార్లు దిగలేదు! కానీ పెళ్ళాం మాట సాక్ష్యం కాదుగా.

బండిని మరో బండి మీద ఎక్కించి ఠియోగ్ దిగువన ఉన్న సర్వీస్ సెంటర్‌కి చేర్చాం. వాళ్ళు సొట్టలు తీశారు, కడిగారు, లోపల సెంటు కూడా కొట్టారు. తెచ్చుకోవడానికి మేం ముగ్గురం వెళ్ళినప్పుడు, సన్నీ అని టై కట్టుకున్న కుర్రాడొకడు పెళ్ళికొడుకుని చూపించినట్టు బండి చుట్టూ తిప్పి చూపించాడు.

“బ్రేకులు?” అన్నాడు కేవల్.

“ఫస్ట్ క్లాస్ అన్నా. కంప్యూటర్ పెట్టి చూశాం. ఏ లోపమూ లేదంది.”

“నీ కంప్యూటర్ కొండ దిగిందా?”

“మేం నడిపి కూడా చూశాం. హైవే మీద, అద్దంలా వెళ్ళింది.”

“పెట్టెలు వేసుకునా?”

“ఖాళీగానే. కంపెనీ పద్ధతి అంతేనన్నా. బరువు వేసి నడిపితే రేపేదన్నా అయితే ఎవరిది బాధ్యత?”

“ఖాళీ బండి నాకెందుకయ్యా? ఆపిల్స్ మొయ్యడానికి కొన్నా, గాలి మొయ్యడానికి కాదు!”

సన్నీ కేవల్‌ని వదిలేసి మామగారి వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. “పెద్దాయనా, మీకు చెప్తే అర్థమవుతుంది. బండి మా దగ్గరికొచ్చినప్పుడు గేరు న్యూట్రల్‌లో ఉంది. ఇలాంటివి రోజూ చూస్తాం. డ్రైవరు అలవాటది. బండి తప్పేం లేదు.”

“ఒరే, ఇంకో బండి మీదకి ఎక్కించాలంటే న్యూట్రల్‌లో కాక ఎందులో ఉంటుందిరా!” అని కేవల్ అరిచాడు. అద్దాల అవతల టీవీ చూస్తున్న జనం ఇటు తిరిగారు.

అరవకుండా ఉండాల్సింది. మా మామగారి లెక్కలో అరిచినవాడు సగం ఓడినట్టే. ఆయన మెల్లగా చెయ్యి చాపారు. కేవల్ ఒక్క క్షణం ఆ చేతిని చూసి, బండి తాళం అందులో పెట్టాడు. తిరుగు ప్రయాణంలో బండి నడిపింది మామగారు రోహ్‌డూ నుంచి పిలిపించిన మోతీ అనే డ్రైవరు. కేవల్ వెనక ఖాళీ పెట్టెల మధ్య కూర్చున్నాడు.

బయల్దేరేముందు సన్నీ నా దగ్గరికొచ్చాడు. “అక్కా, కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి మా సర్వీస్‌కి మార్కులడుగుతారు. పదికి పది చెప్పండి. తొమ్మిది చెప్పినా మాకు సున్నా కిందే లెక్క.”

ఫోన్ వచ్చింది. నేను రెండు చెప్పాను.

*

మా తోటలో ఫోను సరిగ్గా పనిచేసేది పైన నీళ్ళ ట్యాంకు పక్కన, నిచ్చెన ఎక్కితేనే. కాయలు కోస్తూ, చెవికి ఫోను కట్టుకుని, కంపెనీ సహాయ కేంద్రానికి చేసేదాన్ని. ‘మీ కాల్ మాకెంతో విలువైనది’ అని ఒక గొంతు చెబుతూనే ఉండేది. విలువైనది కాబట్టి ఎక్కడో దాచిపెట్టుకున్నారు కాబోలు, ఎవరూ ఎత్తేవారు కాదు. బుట్ట నిండేది. మబ్బు వచ్చి లైను తెగేది. మళ్ళీ మొదటినుంచి.

ఒకరోజు ఒకమ్మాయి దొరికింది. మేఘ అని చెప్పింది పేరు.

“మేడమ్, బండిని సమతలంగా ఉన్న చోట ఆపి బ్రేకు నొక్కి చూస్తారా?”

“సమతలమంటే మా ఊళ్ళో స్కూలు మైదానం ఒక్కటేనమ్మా. అక్కడ ఆగని బండి ఈ లోకంలో లేదు. బరువుతో దిగుతుంటే ఆగట్లేదు.”

“దిగుడు అనేది నా దగ్గర లేదు మేడమ్.”

“మరేమున్నాయి?”

“శబ్దం, వాసన, పొగ, ఇతరాలు.”

“ఇతరాలు పెట్టు.”

“ఇతరాలైతే తిరిగి మీ సర్వీస్ సెంటర్‌కే వెళ్తుంది మేడమ్.”

నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా. “అమ్మాయ్, నువ్వెప్పుడన్నా కొండ చూశావా?”

 “కిటికీలోంచి ఫ్లైఓవర్ కనిపిస్తుంది మేడమ్” అంది. తర్వాత, ఎవరూ వినకూడదన్నట్టు: “సారీ అక్కా. నిజంగానే వేరేది లేదు ఇక్కడ.”

ఆ సాయంత్రమే ఫోన్‌కి సందేశం వచ్చింది. నా ఫిర్యాదు పరిష్కారమైపోయిందట.

ఇంట్లో మాత్రం ఏదీ పరిష్కారం కాలేదు. మోతీ ఖాళీ పెట్టెలు తెచ్చేవాడు, కూలీలని ఎక్కించుకొచ్చేవాడు, పురుగుమందు డబ్బాలు మోసేవాడు. బండి చక్కగా ఆగేది. అది ఆగిన ప్రతిసారీ కేవల్ ఇంకొంచెం అబద్ధాలకోరయ్యేవాడు. టీ కొట్టు దగ్గర ఊరి కుర్రాళ్ళకి కొత్త పరాచికం దొరికింది. “ఏం కేవల్ అన్నా, ఇవాళ గేరులో ఉన్నావా, న్యూట్రల్‌లోనా?” కేవల్ టీ తాగడానికి వెళ్ళడం మానేశాడు. తర్వాత మాట్లాడ్డమే మానేశాడు. తెల్లారి నిచ్చెన ఎక్కితే పొద్దుగూకాకే దిగేవాడు. తండ్రీ కొడుకులు ఒకే పొయ్యి ముందు కూర్చుని తినేవాళ్ళు. ఇంకో రొట్టె కావాలా అన్న మాట కూడా నా ద్వారానే నడిచేది.

అంతలో దారిలో కొండచరియ విరిగిపడి, చిన్న బండి పట్టేంత చోటే మిగిలింది. లారీలు రావడం ఆగిపోయింది. కోసిన కాయ గోదాములో మెత్తబడుతోంది. చిన్న బండ్లు ఉన్నవాళ్ళు ఎవరి సరుకు వాళ్ళు కిందకి చేర్చుకుంటున్నారు.

“సోమవారం మోతీ నిండు బరువుతో దించుతాడు” అన్నారు మామగారు, భోజనాల దగ్గర.

చాలా రోజుల తర్వాత కేవల్ తండ్రితో నేరుగా మాట్లాడాడు. “వద్దు నాన్నా. ఖాళీగా ఆగుతుంది. నిండుగా ఆగదు.”

“మోతీ గేరులోనే దించుతాడు.”

కేవల్ కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆ మాటలో ఉన్న దెబ్బ ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలింది.

మరునాడు పొద్దున్నే నేను మేకుకి వేలాడుతున్న తాళం తీసి తలగుడ్డ కొంగున ముడేసుకుని ఠియోగ్ బస్సెక్కాను.

*

సన్నీ నన్ను చూడగానే ముఖం ముడుచుకున్నాడు. “రెండిచ్చారుగా అక్కా. ఆ నెల నాకు ఇంటికెళ్ళడానికి సెలవు కూడా ఇవ్వలేదు.”

“నీకివ్వలేదు రెండు. నీ కంపెనీకిచ్చా.”

“కంపెనీకి తగలదక్కా. నాకే తగుల్తుంది” అన్నాడు. ఆ మాట నిజమేననిపించింది. కానీ సోమవారం దగ్గరపడుతోంది. నేను నేరుగా మేనేజర్ గది తలుపు తోశాను.

ఆయన పేరు ఝాగ్టా. నలభై దాటిన మనిషి. కళ్ళ కింద నలుపు, బల్ల మీద చల్లారిన టీ. ఇదివరకు రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడాం. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అదే ఇబ్బంది, తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా, లోపం లేదని మర్యాదగా చెప్పేవాడు.

“కూర్చోండి మేడమ్. టీ చెప్పనా?”

“టీ వద్దు. సోమవారం మోతీ అని ఒకతను మా బండి నిండు బరువుతో దించుతున్నాడు. ఆగుతుందా?”

“మా పరీక్షల్లో ఏ లోపమూ...”

“పరీక్షలు కాదు. ఆగుతుందా?”

ఝాగ్టా కంప్యూటర్ వైపు చూశాడు. అందులో కొత్తగా కనిపించేదేమీ లేదు. “బండిలో లోపం లేదు మేడమ్. డ్రైవరు న్యూట్రల్‌లో దించాడు. మేం అదే చెప్పగలం.”

అప్పుడు నాకు కనబడింది. కంప్యూటర్ అంచున, పూసల దండ వేసిన చిన్న ఫొటో. వెండి ముఖం, గుబురు మీసాలు, నెత్తిన యాక్ తోక కుచ్చు. మా దేవర.

“ఈయన మీకెలా తెలుసు?”

“మా అమ్మ పుట్టిల్లు మీ పక్క ఊరేగా. జంగోలీ.”

గది తలుపు తెరిచే ఉంది. బయట కుర్చీల్లో బండ్ల కోసం కాచుకున్న జనం. నేను లేచి నిలబడ్డాను. గొంతు పెంచలేదు. మామూలుగానే అన్నాను.

“అయితే సరిపోయింది. ఇందాక మీరన్న మాటే ఆదివారం మా గుడి వాకిట్లో చెప్పి దేవర నీళ్ళు తాగండి. సోమవారం మోతీ చేతికి తాళం నేనే ఇస్తాను.”

బయట టీవీ మోగుతూనే ఉంది గానీ ఎవరూ దాన్ని చూడట్లేదు. ఒక ముసలాయన నెత్తిన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఝాగ్టా నవ్వబోయాడు. కుదర్లేదు. “మేడమ్, ఇది కంపెనీ వ్యవహారం. ఇందులో దేవర ఎందుకు?”

“కంపెనీ మావైపు రాదుగా. మీరొస్తారు.”

ఝాగ్టా వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. నేను బస్సెక్కే దాకా సన్నీ గుమ్మంలోనే నిలబడి చూశాడు.

మా దగ్గర కోర్టులో అబద్ధమాడినవాడు కూడా గుడి వాకిట్లో ఆడడు. దేవర గంట మీంచి పోసిన నీళ్ళు దోసిట్లో పట్టుకుని, చెప్పాల్సింది చెప్పి తాగాలి. ఆ నీళ్ళు పోసేది గూర్, అంటే దేవర పూనే మనిషి. మా గూర్ మా మామగారే. రెండు లోయల తగాదాలు ఆయన చేతుల మీదుగా తేలేవి. చాలావరకు నీళ్ళ దాకా రాకుండానే తేలేవి.

ఇంటికొచ్చి చెప్పాను. ఆయన ఆపిల్ పెట్టెకి మేకు కొడుతున్నారు. సుత్తి ఆగింది.

“ఎవర్నడిగి పిలిచావ్?”

“ఎవర్నీ అడగలేదు మామయ్యా.”

“నీళ్ళంటే ఏంటనుకున్నావ్? ఆ మనిషి అబద్ధం చెప్పి తాగితే దెబ్బ వాడికి తగలదు. వాడి పిల్లలకి తగులుతుంది. మోటారు బండి కోసం ఒకడి పిల్లల్ని తెచ్చి దేవర ముందు పెట్టావు. ఆ బరువు నువ్వు మోస్తావా?”

 ఆ పిల్లల సంగతి నేను ఆలోచించలేదు. మోతీకి రోహ్‌డూలో ఇద్దరు పిల్లలున్నారు, వాళ్ళ సంగతే ఆలోచించాను.

“బండి మంచిదైతే ఆయన నిజమే చెప్తాడుగా” అన్నాను చివరికి. “అప్పుడెవరికీ ఏమీ కాదుగా.”

మామగారు నా వైపు అలాగే చూశారు. మళ్ళీ సుత్తి ఎత్తారు. కేవల్ నిచ్చెన మీద నుంచి అంతా విన్నాడు. దిగలేదు.

*

ఆదివారం ఝాగ్టా వచ్చాడు. ఒంటరిగా రాలేదు. ఆయన కారు ముందు సీట్లోంచి ఎర్రటి తలగుడ్డ కట్టుకున్న ముసలావిడ దిగింది. చేతిలో నేతి డబ్బా, పూలు, ఆక్రోట్ల మూట.

“ఎన్నేళ్ళయిందర్రా ఈ వాకిలి చూసి!” అంటూ ఆవిడ మెట్లకి దణ్ణం పెట్టుకుంది. “మా వాడు పొద్దున్నే లేపి, అమ్మా, మీ దేవర దగ్గరికి పోదాం పద అన్నాడు. అడక్కుండా తీసుకొచ్చాడమ్మా! ఏం పుణ్యం చేసుకున్నానో.”

ఎందుకొచ్చాడో ఆవిడకి తెలీదు. ఆ సంగతి మా అందరికీ ఒకేసారి అర్థమైంది. జంగోలీ నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఆవిడని చుట్టేసి, చిన్ననాటి ముద్దుపేరుతో పిలిచి, చెంపలు నిమురుతున్నారు. ఝాగ్టా పక్కన నిలబడి బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. అవి విప్పడానికి చాలాసేపు పట్టింది.

నేను వెళ్ళి చెప్పేద్దామనుకున్నాను, వద్దులెండి, అమ్మని తీసుకుని వెళ్ళిపోండని. ఒక అడుగు వేశాను కూడా. అప్పుడే అవతల గోడకి ఆనుకుని కూర్చున్న కేవల్ కనిపించాడు. తల దించుకుని, అరచేతులు చూసుకుంటున్నాడు. ఊరి కుర్రాళ్ళు అతని పక్కన చోటున్నా కూర్చోలేదు.

నేను ఆగిపోయాను.

మామగారు తెల్లటి చోళా అంగీ వేసుకుని గంట పట్టుకుని బయటికొచ్చారు.  ముసలావిడ మాటలు కూడా ఆగిపోయాయి. కొడుకు ముందుకు వెళ్ళడం చూసి, మొక్కు తీర్చుకుంటున్నాడనుకుని చేతులు జోడించింది.

“ఏం చెప్పడానికొచ్చావు నాయనా?” అన్నారు మామగారు. తీర్పు చెప్పే గొంతు కాదది. పిలవని చుట్టం వస్తే అడిగే గొంతు.

“శీల్‌ధార్ జియాలాల్ గారి బండి గురించి.”

“చెయ్యి పట్టు.”

ఝాగ్టా దోసిలి పట్టాడు. మామగారు గంట మీంచి నీళ్ళు పోశారు. దోసిలి నిండింది.

“చెప్పి తాగు.”

ఝాగ్టా చెప్పలేదు. నీళ్ళ వంక చూస్తూ నిలబడ్డాడు. ఎంత గట్టిగా మూసినా దోసిట్లోంచి నీళ్ళు కారకుండా ఉండవు. వేళ్ళ సందుల్లోంచి ఒక్కో చుక్కా రాతి మీద పడుతోంది. ఎవరూ కదల్లేదు. మామగారు తొందరపెట్టలేదు. చుక్కలు పడుతూనే ఉన్నాయి. కాసేపటికి పడడానికి ఏమీ మిగల్లేదు.

ఝాగ్టా తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. నా వైపు తిరిగాడు.

“చెల్లీ, ఆ రోజు ఎన్ని పెట్టెలు వేశారు?”

“నిండా వేశాం.”

“ఇప్పుడూ నిండా వేయించు.”

మామగారు గంట లోపల పెట్టేసి వచ్చారు. ముసలావిడ దగ్గరికి నడిచారు. “రా అక్కా, ఇంటికి రా. సిడ్డూ రొట్టె ఆవిరి మీదుంది, వేడివేడిగా నెయ్యేసుకుని తిందువు గాని. నీ కొడుక్కి కాస్త పనుంది.”

“దేవర ముందు ఏం మొక్కుకున్నాడు వీడు?” అంది ఆవిడ.

“మంచిదే మొక్కుకున్నాడు” అన్నారు మామగారు.

*

పెట్టెలు నిండా ఎక్కించాం. తాళం నేను ముడి విప్పి నేరుగా కేవల్ చేతిలో పెట్టాను. మోతీ అడ్డు చెప్పలేదు. పైగా టైర్ల కింద పెట్టడానికి పెద్ద రాయి మోసుకుని అందరికంటే ముందు నడిచాడు. ప్రతి మలుపు దగ్గరా మనుషుల్ని నిలబెట్టాం. ఝాగ్టా కేవల్ పక్క సీట్లో కూర్చుని బెల్టు రెండుసార్లు సరిచూసుకున్నాడు.

“మొదటి గేరు. అస్సలు తియ్యొద్దు” అన్నాడు.

“తియ్యను. ఆ రోజూ తియ్యలేదు” అన్నాడు కేవల్.

బండి నత్తలా దిగింది. కేవల్ బ్రేకు తొక్కుతూ వదుల్తూ, మేం పక్కన నడుస్తూ. మొదటి మలుపు దాటింది. రెండోది దాటింది. పెడలు వెనక్కి చక్కగా వస్తోందని కిటికీలోంచి కేవల్ చెబుతున్నాడు. ఊరి కుర్రాళ్ళలో ఒకడు ఇంకొకడి చెవిలో ఏదో అని నవ్వాడు.  ఆగిపోతే? ఇవాళ కూడా ఈ బండి మంచిగా ఆగిపోతే?

దేవదారు చెట్టున్న మలుపు దగ్గర కేవల్ గొంతు మారింది.

“వచ్చింది. రాయైపోయింది.”

“కాలు తియ్యి. నేను చూస్తా” అని ఝాగ్టా సీట్లోంచి ఒరిగి, తన కాలు చాపి, పెడలు మీద బలమంతా పెట్టాడు. అతని మెడ నరాలు ఉబ్బడం అద్దంలోంచి కనబడింది. బండి ఆగలేదు. మెల్లగా, మొండిగా ముందుకి పాకుతూనే ఉంది.

“రాళ్ళు!” అని మోతీ కేక వేశాడు. నాలుగు రాళ్ళు ఒకేసారి పడ్డాయి. బండి ఒక కుదుపు కుదిపి నిలబడింది.

ఝాగ్టా దిగాడు.   వేడి చల్లారకముందే బానెట్ ఎత్తి లోపలికి చెయ్యి పెట్టాడు. చెయ్యి కాలి వెనక్కి లాక్కున్నాడు. జేబురుమాలు చుట్టుకుని మళ్ళీ పెట్టాడు.

“ఇది చూడు” అని కేవల్‌ని పిలిచాడు. బ్రేకుకి ఊతమిచ్చే నల్లటి రబ్బరు గొట్టం, వేడికి మెత్తబడి, లోపలికి అతుక్కుపోయి, తొక్కిన పాములా చదునుగా ఉంది. మేం చూస్తూ ఉండగానే, చల్లగాలి తగిలి, అది మెల్లగా ఉబ్బి మళ్ళీ గుండ్రంగా అయింది. ఏమీ ఎరగనట్టు.

“మా దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ చల్లారే ఉండేది” అన్నాడు ఝాగ్టా. గట్టు మీద కూర్చున్నాడు. “ఇలాంటివే ఇంకో రెండు బండ్లు వచ్చాయి నాకు. కోట్‌ఖాయ్‌ది ఒకటి, చౌపాల్‌ది ఒకటి. పైకి చెప్పాను. డ్రైవరు అలవాటని చెప్పి పంపెయ్యమన్నారు. రెండింటిలో డ్రైవర్లు బతికే ఉన్నారు. అందుకని నేనూ...” 

 కేవల్ సీసాలోంచి నీళ్ళిచ్చాడు. ఝాగ్టా వాటిని గటగటా తాగేశాడు.

రెండు రోజుల్లో గట్టి గొట్టం తెచ్చి దగ్గరుండి వేయించాడు. మిగతా ఇద్దరికీ తనే ఫోన్ చేసి పిలిపించి వేయించాడని సన్నీ తర్వాత చెప్పాడు. దీపావళికి ముందే ఆ గదిలోకి వేరే మేనేజర్ వచ్చాడు. ఝాగ్టా ఇప్పుడు ఏ కంపెనీలోనూ లేడు, రామ్‌పూర్ దారిలో సొంతంగా షెడ్డు వేసుకున్నాడని విన్నాం.

గొట్టం వేసిన రోజు మామగారు అడక్కుండానే వెళ్ళి కేవల్ పక్కన ఎడమ సీట్లో కూర్చున్నారు. నిండు బరువుతో కింద దాకా వెళ్ళి తిరిగొచ్చారు. దారిలో ఏం మాట్లాడుకున్నారని కేవల్‌ని అడిగాను. “వాన పడేట్టుందన్నాడు” అన్నాడు.

ఆ సాయంత్రం పొయ్యి ముందు అందరం ఉన్నాం. మా ఆడపిల్లలిద్దరూ తాత ఒళ్ళో చెరోవైపు తల పెట్టుకుని నిద్రపోయారు. కేవల్ కంచం పక్కకి జరిపాడు.

“నాన్నా, ఒకటడగనా?”

“అడుగు.”

“కంపెనీ మనిషికి నీళ్ళు పోశావు. మొదటి రోజే నాకెందుకు పొయ్యలేదు? నేను తాగేవాణ్ణిగా.”

మామగారు పుల్లతో నిప్పుల్ని అటూ ఇటూ జరిపారు. చాలాసేపు జరిపారు.

“అబద్ధమైతే?” అన్నారు. ఆయన చెయ్యి పిల్లల తలల మీదికి వెళ్ళింది. “దెబ్బ వీళ్ళకి తగిలేది.”

కేవల్ తండ్రి ముఖంలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. దాని బదులు ఏముందో నేను ఇప్పటికీ చెప్పలేను. “ఊఁ” అన్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆ తర్వాత ఇల్లు మామూలుగానే నడిచింది. రొట్టెలు నా ద్వారా అడగడం మానేశారు. కాయ అమ్మారు, కొమ్మలు కత్తిరించారు, నవ్వుకున్నారు కూడా.

తొలి మంచు పడే ముందు, మామగారు దేవర గంటని ఎర్రగుడ్డలో చుట్టి తీసుకెళ్ళి గుడి పెద్దల ముందు పెట్టారు. గూర్ పనికి వేరే మనిషిని చూసుకోమన్నారు.

“ఏమైంది జియాలాల్ గారూ?” అని అందరూ కంగారుపడ్డారు.

“మోకాళ్ళు” అన్నారాయన. “వంగలేకపోతున్నా.”

ఊరు నమ్మింది. ఆ చలికాలమంతా మా తోటలో ఒక్కో చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని పాదులు తవ్వింది మాత్రం ఆయనే.